మేస్త్రి మింగేసిన మెట్టు

సాయంత్రం టీ గ్లాసులు కడిగి బోర్లించాక ఆ ఇంట్లో భోజనాల బల్ల మీదికి ఒక తాళం వచ్చేది. ఒకనాడు ఇత్తడిది, ఒకనాడు ఇనుపది, ఒక్కోసారి ఎవరిదో బీరువా తలుపు నుంచి ఊడదీసి తెచ్చిన తాళం, తుప్పు వాసనతో సహా. పాత పేపరు పరిచి, దాని మీద నూనె సీసా, పట్టకారు, సన్నటి తీగ ముక్కలు పేర్చి, మేస్త్రి తన ఫోన్ భార్య చేతికి ఇచ్చేవాడు.

"చదువు. చదివింది చదివినట్టే చెయ్యి. నీ తెలివి కలపకు."

"ఉంటేగా కలపడానికి" అనేది ఆమె.

మేస్త్రి తాళాలు బాగుచేసేవాడు. బజారు మలుపులో, కుట్టుపని దుకాణానికీ చెప్పుల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న గది ఆయనది. పగలు పని, పొద్దు వాలాక ఫోన్‌లో ఒంటివేలితో బ్లాగు రాయడం. తాళంచెవి లోపల విరిగిపోతే ఏం చెయ్యాలి, వానకి బిగిసిన గడియను బతిమాలుకోవడం ఎలా, పాత పెట్టె తాళం మొరాయిస్తే ఎక్కడ తట్టాలి, ఇవీ ఆయన రాతలు. మొదటి మెట్టు, రెండో మెట్టు అని వరసగా రాసేవాడు. మధ్యలో తన గొడవలూ కలిపేవాడు. ఫలానా తాళం మా మామగారిలాంటిది, పైకి గట్టి, లోపల గుల్ల, అని ఒకసారి రాస్తే ఆమె రెండు రోజులు మాట్లాడలేదు.

రాసింది ముందు ఆమె చేత చేయించి చూసేవాడు. ఆమె చదువు కూడబలుక్కుని చదివేదాకానే వచ్చి ఆగింది. తాళాల పని అసలు రాదు. ఆయనకు కావలసింది సరిగ్గా అలాంటి చెయ్యే. ఆమె చేతిలో తాళం తెరుచుకుందంటే, ఆ రాత చివర్నుంచి ఒక మెట్టు తీసేసేవాడు. మళ్లీ చేయించేవాడు. మళ్లీ తెరుచుకుంటే ఇంకోటి తీసేవాడు. తాళం ఆమె చేతిలో మొండికేసి కూర్చున్నాకే రాతను లోకం మీదికి వదిలేవాడు.

"నీ చేతిలో తెరుచుకుంటే ఎవడి చేతిలోనైనా తెరుచుకుంటుంది."

"అంటే నేనంత మొద్దునా?"

"కాదే. ఉన్నది ఉన్నట్టు చేస్తావు. దొంగవెధవ కూడా అంతే, ఉన్నది ఉన్నట్టు చేస్తాడు."

చదివేవాళ్లకు ఈ సంగతి తెలిసిపోయింది. రాతల కింద కామెంట్లు పెట్టి వేళాకోళం చేసేవాళ్లు. "మేస్త్రిగారూ, ఈసారి కూడా మింగేశారా?" "మింగిన మెట్లన్నీ పేరిస్తే మీ ఇంటికి మేడ లేచేది!" ఆయన అందరికీ ఒకటే జవాబు పెట్టేవాడు. "తాళం మీదైతే దుకాణానికి పట్టుకురండి, తెరిచిస్తాను. దొంగ తలుపు మోసుకుని రాలేడు కదా." ప్రతి రాత కిందా ఒక వాక్యం ఉండేది. *దీన్ని చదివి ఎవరి ఇంటి తాళమూ పరాయి చేతిలో తెరుచుకోదు, పూచీ నాది.*

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం దుకాణంలో కూర్చున్న కుర్చీలోనే, ఎవరిదో పెట్టె తాళం ఒళ్లో పెట్టుకుని, పోయాడు.

ఇప్పుడు సాయంత్రం కడగడానికి ఒకటే గ్లాసు. బల్ల మీదికి తాళం రాదు. పగలు దుకాణం మాత్రం ఆమె తెరుస్తుంది. మిషన్ మీద మారు తాళంచెవులు కోయడం వరకు ఆమెకు వచ్చు, అంతవరకే చేస్తుంది. వీధిలో అందరూ తాళాలక్క అంటారు. ఇంటికి వచ్చాక బల్ల ముందు కూర్చుని, తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తుంది.

ఆ ఖాళీ బల్ల మీదికి మరిది తన లాప్‌టాప్ తెచ్చి పెట్టాడు.

మరిది దుకాణాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టే ఆఫీసులో పనిచేస్తాడు. చిన్నప్పుడు సెలవులకు వచ్చి అన్న దగ్గర పట్టకారు పట్టుకోవడం నేర్చినవాడే కానీ, చేతులకు నూనె అంటడం గిట్టక ఆ పని వదిలేశాడు. అన్న పోయాక వారంలో ఒకటి రెండు సాయంత్రాలు వస్తున్నాడు.

"అన్నయ్య రాతలు ఎక్కడో అట్టడుగున పడున్నాయి వదినా. ఎవడైనా తాళం గురించి సెర్చ్ చేస్తే చెత్తంతా పైన, మనం కింద. పైకి తెస్తా చూడు."

"తెచ్చి?"

"తెస్తే జనం చదువుతారు. దుకాణానికి వస్తారు. అన్నయ్య పేరు నిలబడుతుంది."

పేరు నిలబడుతుందంటే వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు. టీ పెట్టి తెచ్చి, వెనక నిలబడి తెర వంక చూసింది. అక్షరాలూ, మధ్యలో వంకర గీతలూ, చుక్కలూ. అన్నీ ఇంగ్లీషే, ఆమెకు తెలిసిన ముక్క ఒక్కటీ లేదు.

"ఏం రాస్తున్నావయ్యా?"

"చీటీలు అంటిస్తున్నా. పేజీ మనుషుల కోసం వదినా. మనుషులు చదివి అర్థం చేసుకుంటారు. సెర్చ్ చేసే మిషన్‌కి అంత ఓపిక లేదు. ఏది పేరు, ఏది ఫొటో, ఏది మొదటి మెట్టు, ఏది రెండో మెట్టు, అన్నీ విడదీసి దానికి చెప్పాలి. నువ్వు వంటింట్లో డబ్బాల మీద చీటీలు అంటించుకున్నట్టు."

"నా డబ్బాలకు చీటీల్లేవు. మూత తీసి చూస్తా."

"మిషన్‌కి మూత తియ్యడం రాదు కదా! అందుకే చీటీలు. స్ట్రక్చర్డ్ డేటా అంటారు దీన్ని."

"మరి నా ఫోన్లో చూస్తే ఈ చీటీలు ఎక్కడా కనపడట్లేదే?"

"నీకు కనపడవు. వెనకాల ఉంటాయి. మిషన్ ఒక్కటే చదువుతుంది."

ఆ 'వెనకాల' అన్న మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. ఉమ్మడి సంసారంలో ఏళ్ల తరబడి మసలిన మనిషి. ముందుగదిలో ఒక మాట, వంటగదిలో ఒక మాట నడిచిన ఇల్లు అది. తను గదిలోకి రాగానే ఠక్కున ఆగిపోయిన మాటలు ఎన్నో. మేస్త్రి ఒక్కడే ముందు ఏమంటాడో వెనక అదే అనేవాడు. ఇప్పుడు ఆయన మాట వెనక ఇంకెవరో, ఇంకెవరికో చెవిలో చెబుతున్నారు. అందులో ఏముందో ఎవడికి తెలుసు?

మర్నాడు ఈ సంగతి పక్క దుకాణంలో కుట్టుపనావిడ చెవిన వేసింది. ఆవిడకు బజారులో 'రేడియో' అని పేరు. సూది నోట్లో పెట్టుకుని కూడా మాట్లాడగలదు.

"పేరు చూసుకో అక్కా" అంది రేడియో. "మా చిన్నాన్న ఇలాగే, దుకాణం బోర్డు వెలిసిపోయింది కొత్త రంగు వేయిస్తానన్నాడు. వేయించాడు. తెల్లారి చూస్తే మా నాన్న పేరు లేదు, ఆయన పేరుంది. రంగు మాత్రం బాగా కుదిరింది."

ఆ సాయంత్రం ఆమె మరిదిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"రాసినవాళ్ల పేరు ఏం పెట్టావు? చూపించు."

"ఏంటి వదినా, పోలీసులా?"

"చూపించవయ్యా."

అతను నవ్వుతూ ఆ వంకర గీతలు పక్కకు నెట్టి, తన సౌకర్యానికి తెలుగులో చేసుకున్న గడుల పేజీ తెరిచాడు. రాసినవారు అన్న గడిలో మేస్త్రి పేరే ఉంది, ఇంటిపేరుతో సహా. ఆమెకు కాస్త ఊపిరి ఆడింది. దాని కింద తేదీ. ఆ కిందే ఇంకో తేదీ, ఈ మధ్యది.

"ఇదేంటి? ఆయన మొన్న రాశాడా?"

"అది సరిచేసిన తేదీ వదినా. నేను చేసింది."

"సరిచెయ్యడానికి ఆయన రాతలో తప్పేముంది?"

అతను గ్లాసు ఎత్తి ఒక గుటక వేశాడు. "తప్పని కాదు. అక్కడక్కడా ఖాళీలున్నాయి. చీటీలన్నీ నిండాయో లేదో అని పరీక్ష పెడితే పసుపు రంగు చూపిస్తోంది. ఆకుపచ్చ రావాలి. వస్తుందిలే."

ఆమె చూడాల్సింది పేరు కాదు, ఆ మాట వెనకాల ఉన్నది. కానీ పేరు సరిగ్గా ఉందన్న నెమ్మదిలో ఆ మాటను జారవిడిచింది. కిందికి ఇంకా బోలెడు గడులున్నాయి. వాటిని చూడలేదు. రాత్రి పడుకున్నాక మాత్రం గుర్తొచ్చింది. ఖాళీలా?

కొన్నాళ్లకు జనం రావడం నిజంగానే పెరిగింది. "సెర్చ్‌లో చూశామండీ" అంటూ వచ్చి మారుచెవులు కోయించుకున్నారు. మరిది మొహం వెలిగిపోయింది. ఆమెకే ఎందుకో ప్రతి కొత్త మొహం మీదా చూపు ఒక క్షణం ఎక్కువసేపు ఆగేది.

ఒక పూట చారల చొక్కా వేసుకున్న మనిషి వచ్చాడు. చేతిలో తాళం లేదు, చెవి లేదు, సంచి కూడా లేదు.

"పాత పెట్టె తాళం గురించి మేస్త్రిగారి రాత చదివానండీ. ఏడో మెట్టులో చెప్పిన ఆ వంపు తీగ మీ దగ్గర దొరుకుతుందా?"

ఆమె కోస్తున్న మిషన్ ఆపింది. ఆ రాత ఆమెకు కంఠతా వచ్చు. ఎన్నిసార్లు చేసినా ఆ తాళం తెరుచుకోక, మేస్త్రి చప్పట్లు కొట్టిన రాత అది. అందులో ఆరే మెట్లు.

"ఏడో మెట్టు లేదండీ అందులో."

"ఉందండీ. చక్కగా ఉంది."

"తాళం తెచ్చారా?"

"తాళం దేనికి? అంతా అందులోనే ఉందిగా."

"ఎవరింటిది తాళం?"

"తెలిసినవాళ్లది" అంటూనే అతను ఆమెను చూడటం మానేసి, గోడకు కొక్కేలకు వేలాడుతున్న చెవుల గుత్తుల వంక చూశాడు. ఈ వీధిలో ఇంకా ఎవరెవరింట్లో అలాంటి పాత తాళాలున్నాయని అడిగాడు. ఊరికే, పాతవి కొనే అలవాటుందట. ఆమె తెలియదంది. వంపు తీగ లేదంది. అలమారలో గుప్పెడు ఉన్నాయి.

అతను వెళ్లాక ఆమె షట్టరు సగం దించింది. అది చూసి రేడియో మెడలో కొలత టేపుతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది అక్కా? ఒంట్లో బాలేదా?"

"కూర్చో. మాట్లాడకు."

"రెండూ ఒకేసారి చెప్పకు" అంటూనే కూర్చుంది.

ఆమె ఫోన్ తీసి మేస్త్రి పేజీ తెరిచింది. ఆరు మెట్లు. అటు తిప్పింది, ఇటు తిప్పింది, కింద జనం వేళాకోళాల దాకా వెళ్లింది. ఏడోది లేదు. అప్పుడు పేజీ మూసేసి, చారల చొక్కా చేసినట్టే, సెర్చ్‌లో ఆ తాళం పేరు కూడబలుక్కుని కొట్టింది. అన్నింటికంటే పైన మేస్త్రి పేరు. పేరు కింద మెట్లు, పేజీ తెరవకుండానే చదువుకునేలా, వరసగా. మొదటిది, రెండోది, మూడోది. ఏడోది కూడా.

"నీ పేజీలో లేనిది అక్కడెలా ఉంది అక్కా?" అంది రేడియో, తొంగి చూసి.

"వెనకాల" అంది ఆమె.

అలమార పై అరలోంచి ఆ తాళం దింపింది. మేస్త్రి దాన్ని ఆమెకోసమే ఉంచేశాడు, 'నీ మొగుడికంటే మొండిది' అని. పేపరు పరిచింది. నూనె, పట్టకారు, తీగ. ఫోన్ గోడకు ఆనించి, చదివింది చదివినట్టే చేసింది. తన తెలివి కలపలేదు. ఆరు మెట్లు అయ్యేసరికి తాళం ఎప్పటిలాగే బిగుసుకుని ఉంది. ఏడో మెట్టు ఏమిటో ఇక్కడ చెప్పుకోనక్కర్లేదు. అది చేసింది.

టక్కుమంది.

కొక్కెం పైకి లేచి ఆమె వేళ్ల మధ్య వదులుగా ఊగింది. ఆయన ఉన్నన్నాళ్లూ లోకం మీదికి వదిలిన ఏ రాతతోనూ ఆమె చేతిలో ఒక్క తాళం తెరుచుకోలేదు.

"తెరిచేశావే! మేస్త్రి ఉంటే..." అని రేడియో నోరు నొక్కుకుంది.

ఆమె ఏడవలేదు. ఏడుపు వచ్చే చోట ఒకటే ఆలోచన అడ్డంగా కూర్చుంది. పూచీ నాది అని ఆయన పేరు కింద ఉంది. ఆ పేరు మీదే ఇప్పుడు దొంగకు దారి ఉంది. మరిది చిన్నప్పుడు ఈ గదిలోనే కూర్చున్నాడు, ఆ మెట్టు వాడికి తెలుసు. తెలిసే రాశాడు. ఎందుకు? ఆ చారల చొక్కా మనిషి మరిదికి ఏమవుతాడు? దుకాణం తనకు వదిలేయమని అడగలేక ఇలా చేస్తున్నాడా? ఒకటి మొదలైతే దాని తోక పట్టుకుని ఇంకోటి వచ్చింది.

సాయంత్రం మరిది వచ్చేసరికి బల్ల మీద పేపరు పరిచి ఉంది. దాని మీద తాళం, బిగించి. పక్కన నూనె, పట్టకారు, తీగ.

"ఏంటి వదినా, మళ్లీ మొదలెట్టావా?" అని అతను సంతోషంగా కుర్చీ లాక్కున్నాడు.

"నువ్వు చదువు. నేను చేస్తా. నీ చీటీల్లోది చదువు."

అతను చదివాడు. మూడో మెట్టుకు నవ్వు తగ్గింది. ఆరో మెట్టుకు గొంతు తగ్గింది. ఏడోది చదవకుండా ఆమె మొహం చూశాడు. ఆమె చూడకుండానే ఏడోది చేసింది. తాళం తెరుచుకుంది.

"చారల చొక్కా వాడెవడు?" అంది.

"ఏ చొక్కా?"

"ఏడో మెట్టు కోసం దుకాణానికి వచ్చాడు. తాళం లేకుండా వచ్చాడు. నీకు తెలిసినవాడా?"

అప్పటికి అతనికి అర్థమైంది. మొహం ఎర్రబడింది. "నన్ను దొంగ అనుకున్నావా వదినా?"

"అనుకున్నా."

"చిన్నప్పటి నుంచి నీ చేతి అన్నం తిన్నవాణ్ణి!"

"అందుకే అడుగుతున్నా. బయటివాడైతే పోలీసులకు చెప్పేదాన్ని."

మరిది తలకాయ పట్టుకున్నాడు. "నేను అన్నయ్య మరిచిపోయాడనుకున్నాను వదినా. ప్రతి రాతలోనూ చివర ఒకటి లేదు. వయసు మీద పడి గుర్తుండట్లేదేమో పాపం అనుకున్నా. నాకు జాలేసింది. పరీక్షలో పసుపు రంగు వస్తుంటే, అన్నయ్య తప్పు అందరికీ కనపడకుండా నేను నింపేద్దామనుకున్నా. నాకు తెలిసినవి నింపాను. పేజీలో ఆయన మాట కదపలేదు. వెనకాల మాత్రమే."

"మరిచిపోవడమా! కింద అందరూ మింగేశావు మింగేశావు అని గోల పెడుతుంటే నువ్వు చదవలేదా?"

"కింద మాటలు ఎవడు చదువుతాడు వదినా? మిషన్ చదవదుగా."

ఆమె తాళం మీద నూనె తుడుస్తూ, ఆయన ఈ బల్ల మీద ఏం చేసేవాడో, తన చేతులు ఎందుకు కావలసి వచ్చేవో చెప్పింది. మరిది తాళాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"నిజం చెప్పాలంటే, పేజీలో లేనిది వెనకాల రాయకూడదు వదినా. పద్ధతి అదే. కనిపెడితే మిషన్ కూడా మనల్ని పక్కన పెట్టేస్తుంది. అన్నయ్య కోసం కదా అని కళ్లు మూసుకున్నా."

"మిషన్‌కి కూడా ఆ మాత్రం తెలుసన్నమాట."

"తీసేస్తే మాత్రం కిందికి జారిపోతాం. జనం తగ్గుతారు."

"తగ్గనీ. ఇప్పుడే తియ్యి. నా ముందు."

తీశాడు. ఒక్కో రాత తెరిచి, ఒక్కో చివరి మెట్టు చెరిపాడు. ఆమె పక్కనే నిలబడి, వేలితో తెర మీద చూపిస్తూ లెక్క సరిచూసుకుంది. అంతా అయ్యాక అతను నసిగాడు. "కాకపోతే వదినా, మిషన్ మళ్లీ వచ్చి చదువుకునేదాకా పాతదే పైన చూపిస్తుంది. కొన్నాళ్లు పట్టొచ్చు."

ఆ కొన్నాళ్లూ ఆమె కంటి మీద కునుకు సరిగ్గా లేదు. పొద్దున్నే పళ్లు తోముకోకముందే ఫోన్‌లో వెతికేది. ఉంది. మర్నాడు ఉంది. బజారులో చారలు కనపడితే చాలు మెడ తిరిగేది. ఒకసారి చూస్తే అది ఎవరిదో దుప్పటి. ఆ పాత రకం తాళం ఉన్న ఇళ్లన్నీ రేడియోకు తెలుసు. ఇద్దరూ కలిసి ఇల్లిల్లూ తిరిగి, తాళం మార్చుకోండి, లేదా రెండో తాళం వేసుకోండి అని చెప్పి వచ్చారు. "ఎందుకూ?" అన్నవాళ్లకు రేడియో జవాబు చెప్పింది, ఆమె చెప్పనిచ్చినదానికంటే ఎక్కువే. ఏ ఇంట్లోనూ ఏమీ పోలేదు. చారల చొక్కా మళ్లీ రాలేదు. అతను నిజంగా పాత తాళాలు కొనేవాడేమో, కాదేమో, ఆమెకు ఇప్పటికీ తేలలేదు.

ఒక పొద్దున వెతికితే మెట్లు లేవు. మేస్త్రి పేరు కూడా పైన లేదు. చాలా కిందికి వేలితో తోసుకుంటూ పోతే దొరికింది. ఆమె వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడి, చాలాసేపు ఆ పేరు వంక చూసింది.

మరిది ఆ వారం వచ్చినప్పుడు ఆమె కుర్చీ తన వైపు లాక్కుని లాప్‌టాప్ ముందు తనే కూర్చుంది.

"ఇకనుంచి చీటీలు నేనే అంటిస్తా. ఏ గడిలో ఏం రాయాలో చెప్పు."

"నా మీద నమ్మకం లేదా?"

"ఉంది. అయినా నేనే అంటిస్తా."

"ఇంగ్లీషులో ఉంటాయి కొన్ని."

"ఆయన తీగలు కూడా నాకు రావు. చదివింది చదివినట్టు చెయ్యలేదూ?"

అతను మిగిలిన గడులు కూడా తెలుగులోకి మార్చిపెట్టాడు. ఆమె ఒంటివేలితో కొట్టింది. పేరు. రాసినవారు. రాసిన తేదీ. సరిచేసిన తేదీ గడి దగ్గర ఆగింది. "ఏమీ సరిచెయ్యలేదు కదా, రాసిన తేదీనే వెయ్యనా?" అంది. వెయ్యమన్నాడు. ఫొటో. మొదటి మెట్టు, పేజీలో ఉన్న మాటలే, మామగారు గుల్ల అన్న మాటతో సహా. మిషన్ ఏమనుకుంటుందో అనుకోనీ. రెండో మెట్టు. మూడోది. ఒక్కో రాత కొట్టడం పూర్తయినప్పుడల్లా, అందులో చెప్పిన తాళాన్ని పేపరు మీద పెట్టి చేసి చూసింది. ఏదీ తెరుచుకోలేదు.

పరీక్ష మీట నొక్కితే తెర మీద పసుపు రంగు వచ్చింది. చివరి మెట్టు కోసం మరిది ఉంచిన గడి నింపలేదు, నింపితే మంచిది అని కింద రాసి ఉంది. ఖాళీ గడిలో సన్నటి గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఎదురుచూస్తోంది.

"అదొక్కటి నింపితే పచ్చగా అయిపోతుంది వదినా" అన్నాడు మరిది, చివరిసారిగా, ఆశ చావక.

ఆమె వేలు ఆ గడి మీదికి వెళ్లింది. ఏం రాయాలో ఆమెకిప్పుడు తెలుసు. వేలు వెనక్కి తీసుకుని, తడి చేతిగుడ్డతో బల్ల మీద నూనె మరకలు తుడిచి, ఆ గడిని అలాగే ఉంచేసి, పక్క రాత తెరిచింది.